మునగకొమ్మకు కట్టిన ఎర్రగుడ్డ

మా వదిన వస్తోందని ఫోన్ వచ్చిన రోజు నుంచి నేను మా వీధిని ఆవిడ కళ్ళతో చూడ్డం మొదలుపెట్టాను. తప్పంతా అక్కడే జరిగింది.

వదినంటే మా ఆయన అక్కగారు. పుట్టింది మా ఇంట్లోనే, ఆడుకున్నది ఈ వీధిలోనే. పెళ్ళయి విశాఖపట్నం వెళ్ళి నలభై ఏళ్ళు దాటింది. నేను ఇందుకూరుపేట పక్క పల్లె నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చి ముప్ఫై ఏళ్ళయింది. లెక్క వేస్తే ఈ వీధిలో ఆవిడకంటే ఎక్కువ కాలం ఉన్నది నేనే. అయినా ఆవిడ దృష్టిలో వీధి ఆవిడది, అందులోని చెత్త నాది.

మాది శ్రీహరికోటకు దగ్గర్లో ఉన్న చిన్న టౌను. రాకెట్ ఎగిరే రోజుల్లో ఎక్కడెక్కడి నుంచో కార్లలో జనం వస్తారు. చలికాలంలో పులికాట్ పక్షుల కోసం వచ్చేవాళ్ళు వేరే. అందరూ ఆకాశం చూడ్డానికి వచ్చేవాళ్ళే, మధ్యలో మా ఊరు వాళ్ళకు అడ్డం పడుతుంది. కారు అద్దాలు పైకెత్తుకుని, టీ తాగిన కప్పు మా కాలవలోనే పారేసి, ఎంత మురికి ఊరో అనుకుంటూ పోతారు. వినీ వినీ నాకు ఒళ్ళు మండేది. ఎండుచేపల వాసనకు వాళ్ళు ముక్కు మూసుకుంటారు. నేను అది నెత్తళ్ళ వాసనని పట్టేసి, గిన్నె తీసుకుని వాకిట్లోకి వస్తాను. మూలమీద వరసగా పెట్టిన సొట్టబిందెలూ, చెయ్యి విరిగిన కుర్చీ, మూతలేని డ్రమ్మూ చూసి వాళ్ళు చెత్తకుప్ప అనుకుంటారు. అవి నీళ్ళ ట్యాంకరు కోసం మా తరఫున వరసలో నిలబడ్డ సామాన్లు. ఏది ఎవరిదో మాకందరికీ తెలుసు, ఎవరూ వరస తప్పించరు.

ఒక ఏడాది శుభ్రత గురించి అడగడానికి ఎవరో వచ్చారు. మీ వీధి శుభ్రంగా ఉంటుందా, కాలవలు తీస్తారా, చెత్తబండి రోజూ వస్తుందా అని ఇల్లిల్లూ తిరిగారు. వీధి వీధంతా ఒక్క మాట మీద నిలబడి అన్నిటికీ అవునన్నాం. ముక్కూ మొహం తెలియనివాళ్ళ దగ్గర ఇంటిగుట్టు ఎవరు విప్పుతారు? కానీ వదిన దగ్గర ఆ పప్పులు ఉడకవు. పోయినసారి వచ్చినప్పుడు ఆటో దిగిన దగ్గర్నుంచి మా గడప దాకా చేతిరుమాలు ముక్కు మీద నుంచి తియ్యలేదు. గడపలో నిలబడి, “ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నారు. మరి ఈ వీధిని చూసి ఎవర్ని చూడాలే?” అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. ఆ మాట మాత్రం చేపముల్లులాగా గొంతులో ఉండిపోయింది.

అందుకే ఈసారి, రాకెట్ చూడ్డానికి వస్తున్నానని ఫోన్ చేసినప్పుడు, వీధి మొదలు నుంచి మా గడప దాకా ఒక్క కాగితం ముక్క కూడా కనబడకూడదని పంతం పట్టాను. మా ఆయన పడవ ఇంజన్ల మెకానిక్కు. ఆ వారమంతా జువ్వలదిన్నె హార్బరులో పనిమీద ఉన్నారు. ఆయనుంటే, “మా అక్కకు ఏం చూపించినా వంక పెడతాది, నువ్వు కూచో” అని ఉండేవారు. లేరు గనక నన్ను ఆపేవాళ్ళు లేకపోయారు.

ఇక్కడ గుంత సంగతి చెప్పాలి. మా వీధి మొదట్లో, కరెంటు స్తంభం పక్కన, గోడవారగా కాలవ పోతుంది. వీధుల నీళ్ళన్నీ కలిసి పెద్దకాలవకు పోయే దారి అదే గనక మనిషి రొమ్ముదాకా లోతుంటుంది. పైన సిమెంటు బండలు పరిచి ఉంటాయి. శ్రావణమాసంలో ఒక నీళ్ళ ట్యాంకరు వెనక్కి తిప్పుకుంటూ ఒక బండ పగలగొట్టి పోయింది. ఆ సాయంత్రమే ఎదురింటి టీచరమ్మ తన పెరట్లో మునగకొమ్మ కొట్టించింది. ఎవరో పాత లారీ టైరు దొర్లించుకొచ్చారు. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను గనక ఎర్ర లైనింగు గుడ్డ ముక్క నా వంతు. కొమ్మను గుంతలో నిలబెట్టి, టైరు దానికి తొడిగి, పైన గుడ్డను నేనే ముడివేశాను. మా వైపు ఎక్కడ గుంత పడినా ఇదే పద్ధతి. కొత్త బండ వచ్చేదాకా ఆ కొమ్మే కాపలా.

కొత్త బండ రాలేదు. కార్తీకం వచ్చింది. ఎండకు గుడ్డ వెలిసి మట్టిరంగుకు తిరిగింది. ఆకులు రాలిపోయాయి. టైరు చుట్టూ పాలకవర్లు, అరటితొక్కలు చేరాయి, పక్కనే ఒక కుక్క పడక ఏర్పాటు చేసుకుంది. మేమందరం రోజూ దాని పక్కనుంచే తప్పుకుని నడిచేవాళ్ళం. తప్పుకుంటున్నామని కూడా మాకు గుర్తుండేది కాదు.

వదిన వచ్చే రోజు పొద్దున్నే చెత్తబండి ఆమెను పట్టుకున్నాను. మా వీధికి ఏళ్ళ తరబడి వచ్చే మనిషి. వీధి మొదలు నుంచీ ఆమెతో కలిసి ఊడ్చాను, కవర్లు ఏరాను. స్తంభం దగ్గరికి వచ్చాక ఆ కుప్పను చూపించి అదీ తీసెయ్యమన్నాను. ఆమె చీపురు ఆపింది.

“ఇది గూడానా అక్కా?”

“అంతా తీసెయ్. సాయంత్రానికి మా వదిన వస్తా ఉండాది.”

ఆమె నా మొహం వంక కాసేపు చూసింది. నేను అప్పటికే గోడమీద అంటించిన పాత కాగితాలు గీకే పనిలో పడ్డాను. వెనక కొమ్మ పెరికిన చప్పుడు, టైరు బండిలో పడిన చప్పుడు విన్నాను. నల్లటి గుంత నా వెనకే తెరుచుకుని ఉంటుంది. నేను చూడలేదు. చూసినా, పొడి రోడ్డు మీద పట్టపగలు ఎవరు పడతారులే అనుకుని ఉంటానేమో. నిజానికి ఆ పూట నా కళ్ళు విశాఖపట్నం కళ్ళు. వాటికి చెత్త తప్ప ఇంకేమీ కనబడలేదు.

తర్వాత నీళ్ళు చల్లి వీధి మొదట్లో ఆరువరసల ముగ్గు వేశాను. ఫోనులో ఫోటో తీసి మా ఆయనకు పంపాను. ఇది మన వీధేనా అని జవాబు వచ్చింది. ఆ గంటసేపు నేను పడ్డ సంతోషం ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మధ్యాహ్నం అన్నాల వేళకు వాన పట్టుకుంది. సముద్రం మీద నుంచి వచ్చే కార్తీకపు వాన. మొదలయితే ఆకాశానికి చిల్లు పడినట్టే. టీవీలో రాకెట్ వాయిదా అని చెప్పారు. వదిన రైల్లోంచి ఫోన్ చేసి, రాకెట్ లేకపోతే పీడా పోయె, నిన్ను చూసినట్టుంటుంది అంది. నేను మిషను ముందు కూర్చున్నాను. పెళ్ళివాళ్ళ జాకెట్టు ఒకటి మిగిలిపోయింది. లైనింగు కత్తిరిస్తుంటే ఒక ముక్క కిందపడింది. ఎర్రటి ముక్క.

దాన్ని తియ్యబోతూ వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను. పొద్దున తీయించేసింది ఆ గుడ్డ కట్టిన కొమ్మనే.

కిటికీలోంచి చూస్తే రోడ్డు లేదు. గోడ నుంచి గోడకు నీళ్ళే. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయారు గనక మా వీధి నడుమ ఎత్తు, అంచులు పల్లం. నడిరోడ్డు మీద మోకాలికి కాస్త కింద ఉన్నాయంటే స్తంభం దగ్గర ఎంత ఉంటాయో. వదినకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఈసారి మోగనే లేదు. రైలు వచ్చేసే ఉంటుంది. పొద్దున తీసిన ఫోటో తెరిచాను. నడుమ తెల్లటి ముగ్గు. కుడివైపు మూల, స్తంభం మొదట్లో, చక్కగా పలక కోసినట్టు నల్లటి చదరం. ఫోటో తీసింది నేను, మురిసిపోయింది నేను, ఆ నల్లటి చదరం మాత్రం అప్పుడే మొదటిసారి చూశాను.

మూలనున్న బూజుకర్ర లాక్కుని బయటపడ్డాను. వానకు అందరి తలుపులూ మూసే ఉన్నాయి, కరెంటు పోయింది. నడిరోడ్డు మీద నీళ్ళు తోసుకుంటూ పోయాను. వాన నీళ్ళలో మా వాళ్ళెవరైనా నడుమనే నడుస్తారు, అంచుకు పోరు. స్తంభం దగ్గరికి చేరి కర్రతో పొడిచాను. గట్టిగా తగిలింది. ఇంకో అడుగు ముందుకేసి పొడిచాను. అదీ గట్టిగానే తగిలింది. స్తంభానికి ఇవతలా అవతలా? గోడకు ఎంత ఎడంగా? మూడు నెలలు రోజుకు నాలుగుసార్లు దాన్ని దాటాను, నాకేమీ గుర్తు రాలేదు. ఇన్నాళ్ళూ నేను చూసింది కొమ్మనే గాని గుంతను కాదు. స్తంభం మొదట్లో నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి, ఏ సుడి దేనిదో తెలియడం లేదు.

అప్పుడు ఇంకో ఆలోచన వచ్చింది. నీళ్ళు ఎక్కి గంటపైనే అయింది. ఈ గంటలో ఈ దారిన ఎవరు వచ్చారు? ఎవరైనా పడి ఉంటే అరుపు ఎవరికి వినబడుతుంది? కర్ర దింపాలంటే చెయ్యి రాలేదు. ఈసారి మెత్తగా తగిలితే? అంతలో ఒక చెప్పు తేలుతూ వచ్చింది. ఆడవాళ్ళ చెప్పు. నా కాలికి తగిలి, తిరిగి, స్తంభం వైపు పోయింది. దేవుడా అని పైకే అన్నాను. కాసేపటికి ఇంకో చెప్పు, దాని వెనక ఒక మగవాళ్ళ జత, ఆ వెనక చీపురు కట్టా తేలుతూ వచ్చాయి. ఎవరి మెట్ల మీదివో కొట్టుకొస్తున్నాయని తెలిసింది. అయినా నేను చంపి ఉంటాను ఎవరినో అన్న మాట నా లోపల మొదలైంది, ఇక ఆగలేదు.

తల ఎత్తేసరికి వీధి మొదట్లో గొడుగు కనిపించింది. వదిన. ఆటో వాడు నీళ్ళు చూసి రానని ఉంటాడు, పెట్టె టీకొట్టు దగ్గర పెట్టి నడిచి వస్తోంది. ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో కుచ్చెళ్ళు, భుజాన సంచి. గోడను పట్టుకుని, అచ్చంగా గోడవారనే వస్తోంది.

ఆవిడ చిన్నతనంలో ఈ వీధికి అంచులే ఎత్తు. ఇళ్ళ ముందు అరుగులు, వాటి కింద గట్టి ఇసక. నడుమ బండ్ల బాట, వాన వస్తే అందులో బురద. పిల్లలందరూ గోడవారనే స్కూలుకు పోయేవాళ్ళమని ఎన్నిసార్లు చెప్పిందో. కాలవలు వచ్చాయి, రోడ్డు లేచింది, అంచులు పోయాయి. అవన్నీ ఆవిడ వెళ్ళాక జరిగినవి. ఆవిడ కాళ్ళకు మాత్రం నలభై ఏళ్ళనాటి వీధే తెలుసు.

“వదినా, ఆగండి! గోడవార రావద్దండీ, నడుమకు రండి!”

వాన హోరులో ఆవిడకు నా గొంతు వినబడింది, మాట అందలేదు. గొడుగు ఎత్తి ఊపింది. నేను కర్ర వదలకుండానే రెండు చేతులూ ఊపాను. పిలుస్తున్నానని అనుకుంది, అడుగు పెంచింది. నడుమ నీళ్ళు నల్లగా, చెత్త తేలుతూ ఉన్నాయి. గోడవార తేటగా ఉన్నాయి. ఎవరైనా తేటగా ఉన్నచోటనే నడుస్తారు. స్తంభానికీ ఆవిడకూ పది అడుగులుంటుందేమో. నేనిక అరవలేదు. గుంత ఎక్కడుందో తెలియదు గాని, ఆవిడకూ స్తంభానికీ మధ్యలోకి పోవాలి, అంతే తెలుసు. పరిగెత్తబోయాను. రెండో అడుగో మూడో అడుగో, కాలికింద ఏమీ లేదు.

గడ్డం బండ అంచుకు కొట్టుకుంది. నీళ్ళు నోట్లోకి పోయాయి. కింద ప్రవాహం కాళ్ళను పట్టి బండల కిందికి, పెద్దకాలవ వైపు లాగుతోంది. చీర కాళ్ళకు చుట్టుకుంది. బూజుకర్ర పొడుగాటిది గనక అడ్డంగా రెండు బండల మీద పడి నిలిచింది. దాన్ని చంకల్లో ఇరికించుకుని వేలాడాను. కర్ర వంగుతోంది. మా ఆయన గుర్తు రాలేదు, దేవుడు గుర్తు రాలేదు. బండి ఆమె చీపురు ఆపి అడిగిన ఆ ఒక్క మాటే చెవిలో ఉంది.

అంతలో జుట్టు ఎవరో పట్టుకున్నారు. వదిన. గొడుగు ఎటు పోయిందో, ఆ మురికినీళ్ళలో చతికిలబడి, ఒక చేత్తో నా జడ, ఒక చేత్తో జాకెట్టు వీపు పట్టుకుని, టీకొట్టు వాళ్ళను పేరు పేరునా కేకలు వేస్తోంది. ఆ పేర్లవాళ్ళు చాలామంది ఎప్పుడో పోయారు. అయినా వాళ్ళ కొడుకులు వచ్చారు. నలుగురు పట్టి నన్ను బయటికి లాగారు.

టీకొట్టు బల్లమీద కూర్చోబెట్టారు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. అప్పుడు వీధి మలుపులోంచి చెత్తబండి ఆమె వచ్చింది. బండి లేదు. తడిసి ముద్దయి, భుజం మీద మా మునగకొమ్మ. పొద్దున పెరికిన దాన్ని పారెయ్యలేక కాలవగట్టున ఆనించి పెట్టిందట. వాన చూశాక అన్నం ముందు కూర్చున్నా ముద్ద దిగక లేచి వచ్చిందట. ఇది ఆమె తర్వాత నాకు ఒక్కదానికే చెప్పింది. అప్పుడు మాత్రం ఎవరినీ పలకరించకుండా నీళ్ళలోకి దిగి, సరిగ్గా గుంత దగ్గరికే పోయి, కొమ్మను నిలబెట్టింది. ఒక్కసారి కూడా తడుముకోలేదు.

వదిన అప్పటికి వణుకు తగ్గి కోపానికి వచ్చింది. బండి ఆమె నీళ్ళలోంచి రాగానే నిలదీసింది.

“ఇంత గుంత పెట్టుకుని ఒక గుర్తు పెట్టరా? మనుషులేనా మీరు?”

ఆమె నావైపు చూసింది. నేను నా కాళ్ళవైపు చూసుకున్నాను. మోకాలి మీద చర్మం లేచిపోయి రక్తం కారుతోంది. దాన్నే చూస్తూ ఉన్నాను.

“పెట్టినామమ్మా,” అంది ఆమె. “వానకు కొట్టుకపోయినట్టుంది.”

నేనప్పుడు చెప్పవలసింది. నోరు విప్పడానికి ఒక్క క్షణం దొరికింది, అది దాటిపోయింది. తేలు కుట్టిన దొంగలాగా ఊరుకున్నాను. వదిన వానను తిట్టుకుంటూ నన్ను లేవదీసింది. ఇంటికి నడుచుకుంటూ వచ్చాం, నడిరోడ్డు మీద. ఆవిడ ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకోలేదు. వేణ్ణీళ్ళు కాచి నా కాళ్ళు తనే కడిగింది. వద్దండీ వదినా అంటే, “నోరుమూసుకుని కూచో, నా కోసం చావబోయినదానివి” అంది. ఆ చేతుల్లోంచి నా కాళ్ళు లాక్కుని దాచుకోవాలనిపించింది.

ఆ సాయంత్రమే ఫోన్లు మొదలయ్యాయి. మా ఆయనకు, విశాఖపట్నం కోడలికి, వియ్యపురాలికి, ఊళ్ళో ఉన్న చుట్టాలందరికీ. మా మరదలు నన్ను కాపాడడానికి తెలిసి తెలిసి గుంతలోకి దూకింది, ఊరు మురికిదేగాని మనుషులు బంగారం అని. నేను పక్కగదిలో దుప్పటి కప్పుకుని వింటున్నాను. దూకలేదు, పడ్డాను. ఆ గుంతకు కాపలా తీయించింది నేనే. ఈ రెండు మాటలూ నాలుక చివరిదాకా వచ్చి తిరిగిపోయేవి. చెబితే వదిన నన్ను ఏమంటుందో అని కాదు భయం. ఆ గంటలో ఇంకెవరైనా వచ్చి ఉంటే అన్నది పైకి అనాల్సి వస్తుందని భయం.

రాకెట్ రెండు రోజుల తర్వాత ఎగిరింది. వీధి వీధంతా మేడలెక్కింది. వదిన పిట్టగోడ పట్టుకుని చిన్నపిల్లలాగా పైకి చూస్తోంది. కిటికీలు గడగడలాడాయి, అందరూ చప్పట్లు కొట్టారు. నేను కిందికి చూస్తున్నాను. స్తంభం దగ్గర కొమ్మ ఉంది, బండి ఆమె మర్నాడు తెచ్చి తొడిగిన టైరు ఉంది. నేను కట్టిన కొత్త ఎర్రగుడ్డ ఉంది. గాలికి ఊగినప్పుడల్లా పడిపోతుందేమోనని చూశాను. పొగ చూశావా, ఎంత అందంగా ఉందో అని వదిన అడిగితే చూశానన్నాను.

ఆవిడ వెళ్ళిన వారానికి కొత్త బండ వచ్చింది. సిమెంటు ఆరాక, మర్నాడు పొద్దున చెత్తబండి మా వాకిట్లో ఆగింది. రోజూ అక్కడ ఆగదు. ఆమె లోపలికి తొంగిచూసి, స్తంభం వైపు చెయ్యి చూపింది. కొమ్మను ఎవరో తీసి గోడకు ఆనించి పెట్టారు. టైరు పక్కనే పడి ఉంది.

“ఇంక తీసేసేదా అక్కా?” అని అడిగింది.

మామూలుగానే అడిగింది. ఎత్తిపొడుపు లేదు, నవ్వు లేదు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా వీధి మొదటికి నడిచాను. ఆమె నా వెనకే వచ్చింది. కొత్త బండ మీద ముందు ఒక కాలు ఆనించాను, తర్వాత రెండోది పెట్టాను. కళ్ళు మూసుకుని అలాగే కాసేపు నిలబడ్డాను. ఆమె తొందరపెట్టలేదు. కళ్ళు తెరిచేసరికి కొమ్మకున్న ఎర్రగుడ్డ ముడి విప్పి, మడిచి నా చేతిలో పెట్టింది.